హ్యావ్‌తో వేగడమెలా?

ఈ నెల ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకే క్రియ గురించి ఉన్నాయి. చిన్న క్లాసుల్లోనే వచ్చేసిందనుకుని మనమంతా వదిలేసిన హ్యావ్. సరే, ప్రిపోజిషన్ల మీద, స్పెల్లింగుల మీద వచ్చినవాటిని వచ్చే నెలకు పక్కన పెట్టి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. ఇంగ్లిష్ వాక్యాలు తెలుగు లిపిలోనే ఉంటాయి కాబట్టి పైకి చదువుకోండి. ఈ క్రియ చెవికి తొందరగా చిక్కుతుంది.

ప్రశ్న: మేడమ్, బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూలో కుటుంబం గురించి అడిగితే 'ఐయామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అన్నాను. బోర్డులో ఒకాయన నవ్వారు. 'ఐయామ్ హ్యావింగ్ లంచ్' తప్పు కానప్పుడు ఇదెందుకు తప్పయింది? (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: ఆయన ఎందుకు నవ్వారో ముందు చెప్తానమ్మా. 'ఐయామ్ హ్యావింగ్ టూ ఇడ్లీస్' అంటే రెండు ఇడ్లీలు తింటున్నానని అర్థం. ఆ వరసలోనే నీ వాక్యం వింటే, పాపం ఆ అన్నదమ్ములు ఇద్దరినీ నువ్వేం చేస్తున్నావో ఊహించుకో.

హ్యావ్ చేసే పనులు చాలా ఉన్నా, ఇక్కడ మనకు కావలసినవి రెండు. ఒకటి, ఉండటం: అన్నలు, ఇల్లు, జ్వరం, ఓపిక, సందేహం ఉండటం. రెండోది, జరగటం లేదా చేయటం: భోజనం చేయటం, స్నానం చేయటం, మీటింగ్ పెట్టుకోవటం, సరదాగా గడపటం. రెండోరకానికి మొదలు, చివర ఉంటాయి, అవి మధ్యలో నడుస్తూ ఉంటాయి. అందుకే వాటికి 'ఇంగ్' పడుతుంది. మీ అన్నయ్యలు నడుస్తున్న పని కాదు కదా! 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్', అంతే.

ఈ తప్పు నీ ఒక్కదానిదే కాదు, దేశమంతా ఉంది. మన తెలుగువాళ్ళ సంగతికొస్తే, కారణం మన క్రియలోనే దాక్కుందని నా అనుమానం. 'తింటున్నాను' విడదీస్తే తింటూ, ఉన్నాను. 'చదువుతున్నాను'లోనూ అదే ఉన్నాను. ఏళ్ళ తరబడి 'ఉన్నాను' వినబడ్డ చోటల్లా 'ఇంగ్' తగిలించటం అలవాటై, 'నాకు ఇద్దరు అన్నలున్నారు' అనగానే చెయ్యి దానంతటదే 'హ్యావింగ్' రాసేస్తుంది. 'ఐయామ్ నోయింగ్', 'ఐయామ్ నాట్ అండర్‌స్టాండింగ్' కూడా ఈ కోవలోవే.

ఒక జత వాక్యాలు గుర్తుపెట్టుకుంటే ఇక జన్మలో పొరపడవు. 'షీ హ్యాజ్ ఎ బేబీ' అంటే ఆవిడకు చంటిపిల్ల ఉంది. 'షీ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ' అంటే ఆవిడ నీళ్ళోసుకుంది, లేదా ఇప్పుడు పురిటి గదిలోనే ఉంది. మొదటిదానికి ఉయ్యాల పట్టుకెళ్ళాలి, రెండోదానికి సున్నుండలు. మరి 'ఐయామ్ హ్యావింగ్ ఎ ప్రాబ్లమ్ విత్ ది నెట్‌వర్క్' మాటేమిటంటావా? అది సరైనదే. ఇబ్బంది ఇప్పుడు, ఈ నిమిషంలో పడుతున్నావు కాబట్టి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సోమవారం ఆఫీసుకెళ్ళి 'ఐ కట్ మై హెయిర్ ఎస్టర్డే' అంటే, పక్క సీటతను 'నువ్వే చేసుకున్నావా, భలే కుదిరిందే' అన్నాడు. వెక్కిరింపా, మెచ్చుకోలా? (ఒక పాఠకుడు)

జవాబు: మెచ్చుకోలే నాయనా. నువ్వు అద్దం ముందు నిలబడి కత్తెర పట్టుకున్నావని అతను నిజంగానే నమ్మాడు. నువ్వు చెప్పింది అదే మరి.

విచిత్రమేమిటంటే తెలుగులో ఈ తప్పు మనం ఏనాడూ చేయం. 'నిన్న కటింగ్ చేశాను' అన్నావనుకో, నువ్వెప్పుడు సెలూన్ పెట్టావని మీ అమ్మే అడుగుతుంది. 'చేయించుకున్నాను' అంటాం. ఆ మధ్యలో ఉన్న 'ఇంచు'ను చూడు, మొత్తం కథ అక్కడే ఉంది. మా వీధి చివర టైలరు దగ్గర నేను 'జాకెట్టు కుట్టించుకున్నాను' అంటే కుట్టింది ఇంకొకరు, కుట్టమన్నది నేను, తొడుక్కునేదీ నేనే. ఇన్ని సంగతులు ఒక్క మాటలో! కుట్టు, ఇంచు, కొను. ఇంగ్లిష్‌కు ఇలా ముక్క తగిలించుకునే సౌకర్యం లేదు. ఆ పనికే హ్యావ్‌ను పిలుస్తుంది: 'ఐ హ్యాడ్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్'. నీ వాక్యం 'ఐ హ్యాడ్ మై హెయిర్ కట్' అవ్వాలి.

ఇక్కడ మాటల వరస మారితే కొంప మునుగుతుంది. 'ఐ హ్యాడ్ కట్ మై హెయిర్' అంటే మళ్ళీ కత్తెర నీ చేతికే వస్తుంది. హ్యావ్, ఆ వెంటనే వస్తువు, ఆ తర్వాతే పని. 'ఐ హ్యాడ్ ది కార్ వాష్డ్.' 'వీ ఆర్ హ్యావింగ్ ది హౌస్ పెయింటెడ్.' మన పెద్దవాళ్ళు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు 'ఐ డిడ్ మై ఐ ఆపరేషన్' అని చెప్పటం నేను విన్నాను. ఎంత కష్టపడినా ఎవరి కంటి ఆపరేషన్ వాళ్ళు చేసుకోలేరు కాబట్టి అక్కడ ఎలాగో అర్థమైపోతుంది. జుట్టు దగ్గరే చిక్కు.

మనిషి చేత చేయించేటప్పుడు? 'మా అసిస్టెంట్ చేత ఫోన్ చేయిస్తాను' అనాలంటే 'ఐ విల్ హ్యావ్ మై అసిస్టెంట్ కాల్ యు'. మధ్యలో 'టు' లేదు, గమనించు. అదే 'గెట్' వాడితే మాత్రం 'టు' కావాలి: 'ఐ విల్ గెట్ హిమ్ టు కాల్ యు'. రెంటికీ తేడా కూడా కొంచెం ఉంది. హ్యావ్‌లో చెప్పటం, వాళ్ళు చేయటం మామూలుగా జరిగిపోతాయి. గెట్‌లో కాస్త బతిమాలటమో, ఒప్పించటమో వినిపిస్తుంది. పనమ్మాయి నాలుగు రోజులు రాకపోతే ఐదో రోజు నేను వాడేది గెట్.

ఇదే అచ్చులో ఒక అపశకునపు వాక్యం కూడా ఉంది: 'హీ హ్యాడ్ హిజ్ ఫోన్ స్టోలెన్'. దొంగను తనే పురమాయించాడని కంగారుపడకు. మీద పడ్డ నష్టానికీ ఇదే అచ్చు వాడతారు. నవ్వొచ్చే విషయమేమిటంటే మన భాషా ఇదే చేస్తుంది. 'ఫోన్ పోగొట్టుకున్నాడు', 'చెయ్యి విరగ్గొట్టుకున్నాడు' అంటాం. కావాలని ఎవరు విరగ్గొట్టుకుంటారు?

కానీ ఒక చోట ఇంగ్లిష్ మనకన్నా ఉదారం. 'కాటన్ బిల్ట్ ది డ్యామ్' అని వాళ్ళు నిశ్చింతగా రాస్తారు. గోదావరి జిల్లాల్లో ఎవరినైనా అడుగు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 'కట్టించాడు' అంటారు తప్ప 'కట్టాడు' అనరు. చార్మినార్ విషయంలో కులీ కుతుబ్ షాకైనా అంతే. దొరకైనా సుల్తానుకైనా మన దగ్గర 'ఇంచు' తప్పదు, తాపీ పట్టినవాళ్ళు వేరే ఉన్నారని క్రియే చెప్పేస్తుంది.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక వెబ్‌సైట్‌కు అనువాదాలు చేస్తాను. 'ది ఫోన్ హ్యాజ్ ఎ 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ' అన్నదాన్ని 'ఈ ఫోన్‌లో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది' అని రాస్తే మా సీనియర్ కొట్టేసి 'బ్యాటరీని కలిగి ఉంది' అని దిద్దుతున్నారు. ఎవరిది సరి? (పేరు వద్దన్నారు)

జవాబు: పేరు ఎందుకు వద్దన్నారో అర్థమైంది. మీదే సరి.

'కలిగి ఉంది' అనే మాట నాకు పడదు. అలాగని 'కలుగు' మీద కోపమేం లేదు, అది బంగారం లాంటి పాత మాట. కలవాడు, కలిమిలేములు, తెలివిగల పిల్ల, సంతోషం కలిగింది... ఇవన్నీ దాని సంతానమే. 'మంచి గుణం కలిగిన మనిషి' అన్నా చక్కగా ఉంటుంది. చిక్కల్లా ఆ మాట ముందు 'ని' చేర్చి, వెనక 'ఉంది' తగిలించి, ప్రతి హ్యావ్ నెత్తిన అదే టోపీ పెట్టటంతో. 'ఆమె ఇద్దరు కుమార్తెలను కలిగి ఉంది' అని ఈమధ్య ఎక్కడో చదివాను. ఏ తల్లి గురించైనా ఏ ఊళ్ళోనైనా ఎవరైనా అలా అంటారా?

తెలుగులో హ్యావ్‌కు సమానమైన ఒక్క క్రియ లేదు. ఇది లోపమేమీ కాదు. హిందీలో లేదు, తమిళంలో లేదు, రష్యన్‌వాళ్ళు కూడా మామూలు మాటల్లో 'నా దగ్గర ఉంది' అన్నట్టే అంటారు. మనం ఆ పనిని విభక్తులకు అప్పగించాం, అందుకే హ్యావ్ చూపించలేని తేడాలు కొన్ని చూపించగలుగుతున్నాం. 'నాకు డబ్బుంది', 'నా దగ్గర డబ్బుంది' అన్న రెండు వాక్యాలూ పైకి చదవండి. మొదటి మనిషి కలవాడు, ఆస్తిపరుడు. రెండోవాడి జేబులో ఇప్పుడు ఆటో చార్జీకి సరిపడా ఉండొచ్చు, రేపు ఉండకపోవచ్చు. ఇంగ్లిష్‌లో రెండూ 'ఐ హ్యావ్ మనీ'. తేడా తెలియాలంటే చివర 'ఆన్ మీ', 'విత్ మీ' అని అతుకు వేసుకోవాలి. అలాగే 'అతనికి ఇద్దరు అన్నలున్నారు' అంటాం, 'అతని దగ్గర ఇద్దరు అన్నలున్నారు' అంటే ఎవరో ఇద్దర్ని తెచ్చి పెట్టుకున్నట్టుంటుంది. బంధువులకూ జబ్బులకూ 'కి, కు'. చేతిలోకి వచ్చిపోయే వస్తువులకు 'దగ్గర'. ఓపికలాంటి గుణాలకు 'కి'తో పాటు 'లో' కూడా నప్పుతుంది. ఫోన్‌కు బ్యాటరీ లోపలి భాగం కాబట్టి 'లో'.

మీ సీనియర్ గారికి ఒక మధ్యేమార్గం చెప్పి చూడండి: '5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్'. లేదా 'గల ఫోన్'. 'కలిగి'కి చుట్టమే కాబట్టి ఆయన ఒప్పుకోవచ్చు.

ప్రశ్న: పాత ఇంగ్లిష్ దస్తావేజుల్లో 'టు హ్యావ్ అండ్ టు హోల్డ్' అని ఉంటుంది. రెండూ ఉండటమేగా, రెండుసార్లు ఎందుకు రాశారు? క్రైస్తవ పెళ్ళిళ్ళలో కూడా ఈ మాట విన్నాను. (దస్తావేజు లేఖరి, తూర్పుగోదావరి జిల్లా)

జవాబు: అయ్యా, మీ వృత్తిలో ఉన్నవాళ్ళకే ఇలాంటివి కంటపడతాయి. ఇది లాటిన్ దస్తావేజుల నుంచి వచ్చిన జంటపదం: 'హేబెండమ్ ఎట్ టెనెండమ్'. కొన్నవాడికి ఏ హక్కు, ఎంతమేరకు దఖలు పడుతోందో చెప్పే భాగాన్ని లాయర్లు ఇప్పటికీ హేబెండమ్ క్లాజు అనే అంటారు. హ్యావ్ హక్కు సంక్రమించటానికి, హోల్డ్ ఆ భూమిని అట్టిపెట్టుకుని అనుభవించటానికి. మన దస్తావేజుల్లో మీరు రోజూ రాసే 'పుత్రపౌత్ర పారంపర్యంగా దాన విక్రయాది సర్వ హక్కులతో సుఖాన అనుభవించగలరు' అన్నది ఇదే పని చేస్తుంది. ఎంతో అందంగా చేస్తుందనుకోండి. ఇంగ్లిష్ దస్తావేజులో 'సుఖాన' ఉండదు పాపం.

పెళ్ళి ప్రమాణంలో ఇది ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకం ద్వారా స్థిరపడింది. 1549 నాటి ఆ పుస్తకంలో వధూవరులు ఇద్దరి నోటా ఈ మాట ఉంది. స్థలం రిజిస్ట్రేషన్‌కూ పెళ్ళికీ ఒకే వాక్యం ఏమిటని నవ్వుకున్నా ఫర్వాలేదు.

పత్రికల్లో కనిపించే హెబియస్ కార్పస్ పిటిషన్‌లోనూ ఆ లాటిన్ క్రియే ఉంది. మనిషిని తెచ్చి కోర్టు ముందు ఉంచమని ఆదేశం. ఒక తమాషా చెప్పి ఆపేస్తాను. హేబెండమ్, హ్యావ్ రెండూ ఇంత దగ్గరగా కనిపిస్తాయా, వాటి మూలాలు మాత్రం వేరు. భాషాశాస్త్రవేత్తలు లెక్కగట్టిన ప్రకారం ఇంగ్లిష్ హ్యావ్‌కు లాటిన్‌లో అసలు చుట్టం 'కాపెరె', అంటే పట్టుకోవటం. క్యాప్చర్ అనే మాట దాన్నుంచి వచ్చిందే.

ప్రశ్న: 'హీ హ్యాడ్ హ్యాడ్ టూ అటాక్స్' అని పేపర్లో చదివాను. అచ్చు తప్పా? (విశ్రాంత ఉద్యోగి, విజయనగరం)

జవాబు: తప్పు కాదండీ. మొదటి హ్యాడ్ కాలం చెప్పే సహాయక క్రియ, రెండోది అసలు క్రియ. 'ఆస్పత్రిలో చేర్చేసరికే ఆయనకు రెండుసార్లు వచ్చింది' అని భావం. మొదటిదాన్ని తేలిగ్గా, రెండోదాన్ని ఒత్తి పలికితే చెవికి బాధ ఉండదు. పదకొండు హ్యాడ్‌లు వరసగా వచ్చే పొడుపు వాక్యం కూడా ఇంగ్లిష్‌లో ఒకటుంది. మీ బీపీ దృష్ట్యా దాన్ని ఇక్కడ రాయటం లేదు.

ప్రశ్న: 'ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే' అంటే మా లెక్చరర్ కొట్టేసి 'ఐ సా' అని దిద్దారు. తెలుగులో రెంటికీ 'చూశాను' అనే కదా అంటాం? (ఇంటర్ విద్యార్థి, గుంటూరు)

జవాబు: మీ లెక్చరర్ గారిదే ఒప్పు బాబూ. నిన్న, పోయిన ఏడాది, 2019లో అని ఎప్పుడో చెప్పేస్తే హ్యావ్‌కు అక్కడ చోటు లేదు. 'ఐ సా హిమ్ ఎస్టర్డే'. జరిగిపోయినదాని ప్రభావం ఇప్పటికీ ఉందని చెప్పటానికే 'హ్యావ్ సీన్'. ఎవరైనా టిఫిన్‌కు కూర్చోమంటే 'ఐ హ్యావ్ హ్యాడ్ మైన్' అంటావు. ఎప్పుడు తిన్నావన్నది అనవసరం, ఇప్పుడు కడుపు నిండుగా ఉందన్నది ముఖ్యం.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చంద్రుడి దారిలో ఉంది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌక భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండగా ఆక్సిజన్ ట్యాంకు పేలింది. వ్యోమగామి జాక్ స్విగర్ట్ ముందు చెప్పాడు, హ్యూస్టన్‌లోని కంట్రోల్ కేంద్రం మళ్ళీ చెప్పమంటే కమాండర్ జిమ్ లోవెల్ అన్నాడు: 'హ్యూస్టన్, వీ హ్యావ్ హ్యాడ్ ఎ ప్రాబ్లమ్'. ఇప్పుడే ఏదో జరిగింది, ఏమిటో చూస్తున్నాం అని. 1995లో దాని మీద తీసిన సినిమాలో ఆ 'హ్యాడ్' తీసేసి 'వీ హ్యావ్ ఎ ప్రాబ్లమ్' చేశారు. ప్రమాదం నెత్తి మీదే ఉన్నట్టు వినిపిస్తుంది, హాల్లో టెన్షన్ పెరుగుతుంది. లోకానికి గుర్తున్నది సినిమా మాటే. నాకు మాత్రం అంత గండంలోనూ వ్యాకరణం తప్పని ఆ అసలు మాటే నచ్చుతుంది.

ప్రశ్న: మా బాబు పుస్తకంలో 'డు యు హ్యావ్ ఎ పెన్?' అని ఉంది. మా చిన్నప్పుడు 'హ్యావ్ యు ఎ పెన్?' అని చెప్పారు. ఏది నేర్పను? (ఒక గృహిణి, కరీంనగర్)

జవాబు: పుస్తకంలో ఉన్నదే నేర్పండమ్మా. మీరు నేర్చుకున్నది పాత బ్రిటిష్ పద్ధతి, తప్పేమీ కాదు గానీ ఇప్పుడు అలా అడిగేవాళ్ళు అరుదు. బాబు నర్సరీలో పాడిన 'బా బా బ్లాక్ షీప్'లో 'హ్యావ్ యు ఎనీ వుల్' ఉంది చూశారా, అది ఆనాటి వాడుక. బ్రిటన్‌లో ఇప్పుడు 'హ్యావ్ యు గాట్ ఎ పెన్?' కూడా బాగా వినిపిస్తుంది.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును, బ్రిటన్ వెళ్ళటానికి ట్రైనింగ్ తీసుకుంటున్నాను. 'యు డోంట్ హ్యావ్ టు గివ్ దిస్ విత్ ఫుడ్' అంటే భోజనంతో ఇవ్వకూడదనుకున్నాను. ట్రైనర్ కాదన్నారు. (నిజామాబాద్)

జవాబు: మీ ఉద్యోగంలో ఇది తెలిసి తీరాల్సిన తేడా. 'హ్యావ్ టు', 'మస్ట్' రెండూ ఇంచుమించు 'ఇవ్వాలి' అనే చెప్తాయి. కానీ 'కాదు' చేరగానే దారులు వేరవుతాయి. 'డోంట్ హ్యావ్ టు' అంటే ఇవ్వక్కర్లేదు, ఇస్తే ఇవ్వొచ్చు. 'మస్ట్ నాట్' అంటే ఇవ్వకూడదు. అక్కర్లేదు, కూడదు అని మన భాషలో ఇంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి, ఇంగ్లిష్ వాక్యం వినగానే ఈ రెంటిలో ఏదో ఒకటి మనసులో ఎంచుకోండి.

ఇంకో మాట. అక్కడివాళ్ళు 'హ్యావ్ టు' అని విడివిడిగా పలకరు, 'హ్యాఫ్టు' అంటారు. 'వుడ్ హ్యావ్' దాదాపు 'వుడవ్' అవుతుంది. అది ఎంతగా అరిగిపోయిందంటే, ఆ భాషలో పుట్టినవాళ్ళే దాన్ని 'వుడ్ ఆఫ్' అని తప్పుగా రాసేస్తుంటారు. వార్డులో అలా రాసిన నోట్ కనిపిస్తే కంగారుపడకండి. మీరు మాత్రం 'హ్యావ్' అనే రాయండి.

ప్రశ్న: 'హ్యావ్ యువర్ కేక్ అండ్ ఈట్ ఇట్'కు తెలుగు? (పేరు రాయలేదు)

జవాబు: అవ్వా కావాలి, బువ్వా కావాలి.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో బట్టల షోరూంలో పనిచేస్తాను. బిల్లు కట్టాక కొందరు 'హ్యావ్ ఎ గుడ్ డే' అంటారు. ఏమనాలో తెలియక నవ్వి ఊరుకుంటున్నాను. (ఒక పాఠకురాలు)

జవాబు: నవ్వు చాలు తల్లీ, అదే పెద్ద జవాబు. మాట కూడా కావాలంటే 'యు టూ' అను. 'సేమ్ టు యు' తప్పేం కాదు, కాకపోతే అది పండగ శుభాకాంక్షలకు బాగా నప్పుతుంది. రద్దీ రోజున సాయంత్రం ఆరింటికి వచ్చినవాళ్ళకు నువ్వే ముందు చెప్పాలనిపిస్తే 'హ్యావ్ ఎ గుడ్ ఈవెనింగ్' అను. 'గుడ్ నైట్' మాత్రం కొట్టు కట్టేసేటప్పుడు.